లాకుల సెంటర్‌లో అన్నీ పచ్చలే

“ఆ టైములో ఏ లైటు వెలుగుతోందమ్మా?”

“పచ్చండి.”

“టిప్పరు వచ్చే వైపా, మోటారుసైకిలు వచ్చే వైపా?”

“అన్నివైపులా పచ్చేనండి.”

చేపల గంప ముందు గొంతుక్కూర్చున్న రత్నమాణిక్యం చప్పున తలెత్తి చూసింది. చిట్టెమ్మ మాత్రం తలెత్తలేదు. కత్తిపీటకు శీలావతి చేపను ఆనించి పొలుసు గీరుతూనే ఉంది.

నాలుగు రోడ్లు కలిసేచోట అన్నివైపులా ఒకేసారి ఆకుపచ్చ లైటు వెలగడమంటూ ఉండదు. వెలిగితే రోజుకో శవం లేస్తుంది. సి.ఐ. పల్లంరాజు కూడా అందుకే ఈ మాట విని నవ్వాడట. ముసలిదానికి చూపు ఆనడంలేదని కొట్టిపారేసి, టిప్పరు వైపు పచ్చ అన్న ఒక్క ముక్క సాక్ష్యంగా రాయించుకుని వెళ్ళిపోయాడట.

రెండు వారాల కిందట, ఒక సోమవారం పొద్దున, కాలువపేట ఊరి లాకుల సెంటర్‌లో హారతి అనే అమ్మాయి చనిపోయింది. భర్త అశోక్ బండి నడుపుతుంటే వెనక కూర్చుని సామర్లకోట భీమేశ్వరుడి గుడికి బయలుదేరింది. అడ్డంగా వచ్చిన ఇసుక టిప్పరు బండిని గుద్దింది. అశోక్‌కి కాలు విరిగింది. హారతి తల రోడ్డుకు తగిలింది. తనకు ఆకుపచ్చ వెలిగిందని టిప్పరు డ్రైవరు అన్నాడు. ఎర్రలైటు దాటింది తానేనని అశోక్ అన్నాడు. రేపు మెజిస్ట్రేటుగారు ఆసుపత్రికి వస్తే ఆయన ముందు కూడా అదే చెబుతానని, వకీలుతో పనిలేదని భీష్మించుకుని కూర్చున్నాడు.

ఆ మాట నమ్మని మనిషి ఒక్కతే, హారతి తల్లి వీరదుర్గ. నిన్న రత్నమాణిక్యం ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూలబడిపోయింది.

“వాడు అల్లుడే కాదండి, నా తమ్ముడి కొడుకు. మేనరికం చేసుకున్నాం. వాడి బండి మీద నేనెన్నిసార్లు కూర్చున్నానో లెక్కలేదు. రోడ్డు మీద పురుగు లేకపోయినా సరే, ఎర్రలైటు పడితే కాలు కింద పెట్టేస్తాడు. ‘వెళ్దువుగాని పదరా, ఎవరున్నారు’ అంటే, ‘నువ్వున్నావుగా అత్తా వెనకాల’ అనేవాడు. అలాంటివాడు నా కూతుర్ని కూర్చోబెట్టుకుని ఎర్రలైటు దాటతాడాండీ? ఏదో దాస్తున్నాడు. అమ్మాయి ఎలాగూ రాదు. మిగిలినవాళ్ళయినా నాకు దక్కాలి.”

“ఇంకెవరున్నారమ్మా మీకు?”

“కొడుకండి, సురేష్‌బాబు. లైట్ల పనికి పోతాడు. అక్క పోయిందగ్గర్నుంచి వాడికి అన్నం సయించడంలేదు. గోడకేసి తిరిగి పడుకుంటాడు.”

పెళ్ళిపందిళ్ళకు లైట్లు కట్టే కుర్రాడు కాబోలనుకుని రత్నమాణిక్యం ఆ సంగతి అంతటితో వదిలేసింది.

ఆమె రవాణా శాఖలో పాతికేళ్ళు బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. ఆ ఉద్యోగం మానుకుని ప్రైవేటు డిటెక్టివుగా బోర్డు కట్టుకున్నా జనం నోట బ్రేకు పోలేదు. బ్రేకమ్మగారనే పిలుస్తారు. ఒకనాటి పొద్దున ఆమె భర్త స్కూటరెక్కి వీధి మలుపు తిరిగాడు. మళ్ళీ రాలేదు. ఆమె ఆఖరుసారి చూసింది ఆయన చొక్కా వీపునే. అప్పటినుంచీ ఎవరు గడప దాటినా మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడటం ఆమెకు అలవాటైపోయింది. నిన్న వీరదుర్గ వెళ్ళినప్పుడూ అలాగే నిలబడింది.

“చిట్టెమ్మా, పచ్చంటే ఏ పచ్చ?” అని అడిగింది ఇప్పుడు.

“ఎన్ని పచ్చలుంటాయండి ఏంటి? పచ్చంటే పచ్చే.”

“పొమ్మని చెప్పే లైటా?”

“నన్నెవరు పొమ్మంటారండీ? నేను కూర్చునుండేదాన్ని.”

అంతలో స్కూలు బస్సు ఒకటి సెంటర్‌లోకి వచ్చి ఆగింది. చిట్టెమ్మ పొలుసులంటిన వేలు దానికేసి చాపింది. “అదిగో, ఆ బస్సుకేసిన రంగు. ఆ పచ్చ.”

“మరి నీ గంపమీద కప్పిన అరిటాకుదో?”

“అది ఆకుపచ్చ కదండీ! చదువుకున్నోరు, మీకూ నేనే చెప్పాలా?”

రత్నమాణిక్యం ఆ బస్సు వంక చూస్తూ ఉండిపోయింది. తన అమ్మమ్మ కూడా ఇలాగే అనేది. పసుపు రాసిన గడప పచ్చ, చామంతి పచ్చ, పండిన నిమ్మకాయ పచ్చ. చెట్టుకున్నది ఆకుపచ్చ. సిగ్నలు లైట్లు వచ్చాక కదా ఊరందరికీ పచ్చంటే ఒకటే అయిపోయింది!

“నిలకడగా వెలిగిందా?”

“ఎక్కడండీ! వెలగడం, ఆరడం. వెలగడం, ఆరడం. అన్నిటిదీ ఒకటే కన్నుకొట్టుడు. ఈ వయసులో నాకు కన్నుకొట్టేవి ఈ లైట్లేనని నవ్వుకున్నాను కూడాను.”

“ఇదంతా సి.ఐ.గారికి చెప్పావా?”

“ఆయన అడిగితే కదండీ. పచ్చా, ఎర్రా అన్నాడు. పచ్చన్నాను. వేలిముద్ర వేయించుకున్నాడు, చక్కాపోయాడు.”

చేప ముక్కలు చేయడం అయిపోయింది. అయినా చిట్టెమ్మ కత్తిపీట వదలకుండా అలాగే కూర్చుంది.

“ఆ పిల్ల నవ్వుతా ఉందండీ. తల నిండా మల్లెపూలు. పూలు నలిగిపోతాయనేమో, హెల్మెట్టు మోచేతికి తగిలించుకుంది. ఆ చెయ్యే పైకెత్తి ఊపింది. నాకే అనుకుని నేనూ ఊపాను. అంతలోకే…” ఆమె వేలికంటిన పొలుసు గోటితో గీరుకుంది. “నాకు కాదులెండి. నేనెవర్నో ఆ పిల్లకేం తెలుసు.”

“మరి ఎవరికి?”

“ఇటుకేసే ఊపింది. నా వెనకాలెవరున్నారో నేనెలా చూస్తానండీ?”

రత్నమాణిక్యం లేచి చిట్టెమ్మ వెనక్కి వెళ్ళింది. అక్కడ బడ్డీ లేదు, బస్టాపు లేదు. స్తంభాన్ని ఆనుకుని, మనిషి నడుమెత్తున, బూడిదరంగు ఇనప పెట్టె ఒకటే ఉంది. సెంటర్‌లోని సిగ్నలు లైట్లన్నింటినీ ఆడించేది ఆ పెట్టే. తెరిచి లోపలి మీట తిప్పితే చాలు, ఎర్ర, ఆకుపచ్చల వరస ఆగిపోయి అన్నివైపులా పసుపు మిణుకుమనడం మొదలవుతుంది.

అదే స్తంభానికి పైన పనిచేయని కెమెరా, దాని కింద ఇంకో చిన్న పెట్టె ఉన్నాయి. చిన్న పెట్టె తాళం తుప్పుపట్టి ముద్దయిపోయింది. పెద్ద పెట్టె తాళం నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే వేలికి జిడ్డు అంటింది. వాసన చూసింది. కొబ్బరినూనె. తాళం కప్ప మీద గీతలు లేవు, పగలగొట్టిన గుర్తులు లేవు. చెవితో తీసి, చెవితోనే వేస్తున్నారు. నూనె పెట్టి మరీ.

ఆమె టిప్పర్లు వచ్చే రోడ్డువైపు నడిచింది. గోదావరి ఇసుక తడిగానే ఎత్తుతారు. బండి ఆగినచోట నీళ్ళు కారి, ఇసుక రాలి అట్టకడుతుంది. ఇక్కడ తెల్లగీత దగ్గర ఇసుక ఉంది. బూటు కొనతో గీరితే కిందనే తారు తగిలింది. కొత్త ఇసుక. సెంటర్ నడిబొడ్డున మాత్రం, ఆగకుండా దూసుకెళ్ళే బళ్ళ కుదుపుకి రాలిన ఇసుక టైర్లు తొక్కీ తొక్కీ రోడ్డులో కలిసిపోయింది. అది నెలల నాటిది. అంటే ఈ టిప్పర్లు గీత దగ్గర ఆగడం నేర్చుకున్నది ఈమధ్యనే. హారతి పోయాకే.

“బ్రేకమ్మగారికి నమస్కారం. శీలావతి ఎంతకిస్తానందేంటి?”

జీపు దిగుతున్నాడు సి.ఐ. పల్లంరాజు. వెనకాల ఒక కానిస్టేబులు ఉన్నాడు. మనిషి నవ్వుతున్నాడుగాని కళ్ళు ఆమె గీరిన ఇసుక మీదే ఉన్నాయి.

“చేపల బేరం కాదండి రాజుగారూ, రంగుల బేరం.”

“కేసు అయిపోయిందండి. డ్రైవరు ఆకుపచ్చ అన్నాడు, ఈవిడ పచ్చ అంది, కుర్రాడు ఎర్రలైటు దాటానన్నాడు. ఒకరి మొహం ఒకరు ఎరగని ముగ్గురు ఒకే మాట చెబుతుంటే ఇంకా ఏం తవ్వుతారు?”

“ఆవిడ పచ్చ అంది. ఆకుపచ్చ అని రాయించింది మీరు.”

“రెండూ ఒకటే కదండీ.”

“మీకు ఎప్పుడైనా కామెర్లొచ్చాయా?”

“ఏంటండీ ఆ ప్రశ్న?”

“పచ్చకామెర్లంటాం కదా. కామెర్లొచ్చినవాడి కళ్ళు అరిటాకులా ఉంటాయా, పసుపుకొమ్ములా ఉంటాయా?”

కానిస్టేబులుకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. పల్లంరాజు అతనికేసి ఒక చూపు చూసి, చిట్టెమ్మ వైపు తిరిగాడు. చిట్టెమ్మ అరిటాకు తీసి గంపమీద సర్దుకుంటోంది.

“ఆ పొద్దున ఈ సెంటర్‌లో ఎవరికీ ఎర్ర లేదు, ఎవరికీ ఆకుపచ్చ లేదు. అన్నివైపులా పసుపు మిణుకుమంటోంది. దానర్థం మీకు తెలుసు. ఆగనక్కర్లేదు, కాని ప్రతివాడూ వేగం తగ్గించి, అటూ ఇటూ చూసుకుని మరీ దాటాలి. లోడుతో ఉన్నవాడు మరీను.”

“పట్టపగలు బ్లింకింగులో ఎవరు పెడతారండీ? అది రాత్రి ఊరు సద్దుమణిగాక పెట్టేది.”

“ముందుకు చూడండి. గీత దాటగానే లాకుల వంతెన. నిటారుగా ఎక్కాలి. మోయలేనంత ఇసుక వేసుకున్నవాడికి అది ఎక్కాలంటే వెనకనుంచే ఊపు కావాలి. ఎర్రలైటు దగ్గర ఆగాడా, ఊపు పోయినట్టే. పొద్దునపూట ఇక్కడ మీ మనిషి ఉండడు. కెమెరా ఎలాగూ చచ్చింది. పెట్టె తెరిచి మీట తిప్పేవాడొకడు దొరికితే చాలు, వరసగా అన్ని టిప్పర్లూ ఆగకుండా వంతెన ఎక్కేస్తాయి. డ్రైవరు ఆకుపచ్చ అనక ఏమంటాడు? పసుపు అంటే, మరి ఎందుకు నెమ్మదించలేదని మీరడుగుతారు.”

పల్లంరాజు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. పెట్టె దగ్గరికి వెళ్ళి తాళం పట్టుకున్నాడు. వేళ్ళు వాసన చూసుకున్నాడు. తిరిగొచ్చేసరికి అతని ముఖంలో ఎగతాళి లేదు. పౌరుషం ఉంది.

“కథ బాగుంది. ఒక్క మాట చెప్పండి. అన్నివైపులా పసుపే అయితే, ఆ కుర్రాడు ఎర్రలైటు దాటానని ఎందుకన్నాడు? లేని ఎర్రలైటు వాడికెలా కనిపించింది?”

సరిగ్గా ఆ ముక్కే ఇందాకటినుంచి రత్నమాణిక్యాన్నీ కెలుకుతోంది.

“అది అతన్నే అడగాలి.”

“మీరు అడిగొచ్చేలోపు ఈ తాళంచెవి ఎవరి మొలలో ఉందో నేను పట్టుకుంటాను. ఒకటి మా స్టేషన్లో మేకుకు వేలాడుతోంది. రెండోది సిగ్నళ్ళు బాగుచేసే కాంట్రాక్టరు మనుషుల దగ్గర ఉండాలి. ఒక్క ఫోను చాలు.”

“ముందు పెట్టెకు సీలు వేయించండి. మీట మీద వేలిముద్రలు చెడిపోతాయి.”

అతను స్టేషన్నుంచి చెవి తెప్పించాడు. తలుపు తీసి, మీట ముట్టుకోకుండా కరెంటు ఆపించి, గుడ్డ చుట్టి లక్క వేయించాడు. లైట్లన్నీ ఒక్కసారిగా గుడ్డివైపోయాయి. అప్పటిదాకా గీతల దగ్గర ఆగుతున్న బళ్ళు ఒకదాని మీదికొకటి రావడం మొదలుపెట్టాయి. హారన్లు చెవులు పగలగొడుతున్నాయి.

“మనిషిని నిలబెట్టండి రాజుగారూ.”

“చేత్తో బళ్ళాపడం మాకూ వచ్చులెండి,” అంటూ అతను కానిస్టేబులుకు ఈల అందించాడు.

రాజమండ్రి ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం వాలిపోయింది. ఆకాశం నిండా మబ్బు. ఎముకల వార్డులో కిటికీ పక్క మంచం మీద అశోక్ పడుకుని ఉన్నాడు. తొడదాకా పిండికట్టు. గడ్డం మాసిపోయింది. రత్నమాణిక్యం వచ్చిన పని చెప్పి, బల్ల లాక్కుని కూర్చుంది.

“మా అత్త పంపిందా అండీ? ఎందుకండీ మీకు శ్రమ. నాది తప్పేనని చెప్పేశాను కదా.”

“ఎర్రలైటు ఎప్పుడు పడింది? నువ్వు గీత దగ్గరికి రాకముందా, వచ్చాకా?”

“చూసుకోలేదండి.”

“చూసుకోకపోతే అది ఎర్రదని ఎలా తెలిసింది?”

అతను పైకప్పుకేసి చూశాడు. “దాటాను. అంతే. రాసుకోండి.”

“ఆ పొద్దున లాకుల సెంటర్‌లో ఎర్రలైటు అనేది వెలగనే లేదయ్యా అశోక్. అన్నివైపులా పసుపు ఒక్కటే మిణుకుమంటోంది. టిప్పరువాడు వేగం తగ్గించాలి, తగ్గించలేదు. నీమీద కేసు నిలబడదు.”

నీ తప్పు లేదు అన్న మాట విన్నవాడు ఊపిరి పీల్చుకోవాలి. లేకపోతే ఏడవాలి. అశోక్ రెండూ చేయలేదు. మోచేతుల మీద లేవబోయి, కాలి నొప్పికి మళ్ళీ పడ్డాడు. అతని కళ్ళల్లో ఉన్నది భయం.

“ఎవరు చెప్పారు? ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?”

“హారతి చెయ్యి ఊపింది ఎవరికి?”

అశోక్ తల పక్కకు తిప్పుకున్నాడు. గోడతో చెబుతున్నట్టుగా అడిగాడు.

“మా అత్తకి చెప్పనని ఒట్టు పెడతారా?”

“పెట్టలేను. ఆవిడ కోసమే వచ్చాను.”

“అయితే అడగకండి.”

“పెట్టె దగ్గర నిలబడింది హారతి ఎరిగినవాడు. నువ్వూ ఎరిగినవాడు. నువ్వు జైలుకు పోయినా ఫరవాలేదనుకునేంత దగ్గరివాడు.” ఆ మాట అంటూ ఉండగానే, నిన్న గుమ్మంలో కూర్చుని వీరదుర్గ అన్న మాట ఆమె చెవిలో మోగింది. ఏ లైట్ల పనో ఎందుకడగలేదు తాను? “సురేష్‌బాబు చేసే లైట్ల పని సిగ్నలు లైట్ల పనా?”

అశోక్ కళ్ళు మూసుకున్నాడు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

“నా భుజం తట్టిందండీ. ‘బావా, అదిగో తమ్ముడు, మన సురేష్!’ అంది. నేను అటు చూశాను. వాడు పెట్టె తలుపు మూస్తున్నాడు. మమ్మల్ని చూశాడు. మా పక్కనుంచి వచ్చే టిప్పర్నీ చూశాడు. రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా ఊపాడండీ, ఆగిపొమ్మని. హారతి అది టాటా అనుకుంది. ఇది కూడా చెయ్యెత్తి ఊపింది.”

రత్నమాణిక్యం బల్ల మంచానికి దగ్గరగా జరుపుకుంది.

“పసుపు మిణుకుమంటే నెమ్మదిగా, చూసుకుని దాటాలని నాకు తెలీదాండీ? నేను ముందుకి చూడాల్సినవాణ్ణి, పక్కకి చూశాను. హెల్మెట్టు పెట్టుకోవే అని ఒక్కసారే అన్నాను. పూలు నలుగుతాయంది. సరేలే, గుడి దాకానే కదా అనుకున్నాను. నా తప్పు లేదని మీరెలా అంటారు?”

“సురేష్ ఎందుకు చేశాడా పని?”

“కాంట్రాక్టరు చెప్పాడటండీ. ఇసుకవాళ్ళ మాట వినకపోతే రేపట్నుంచి రావద్దన్నాడట. చిన్నవాడండీ. అందరూ చేసేదే అనుకున్నాడు. ఎప్పుడూ ఏమీ కాలేదు కదా అనుకున్నాడు.” అశోక్ ఆమె చేతిని పట్టుకున్నాడు. జ్వరంతో అరచెయ్యి కాలుతోంది. “నేను లోపలికెళితే ఎప్పటికైనా బయటికొస్తాను. వాడు అలా కాదండి. మొన్న ఇక్కడికొచ్చి నా మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు. ‘అమ్మ చూస్తుండగా పోలీసులు గడపలోకి వస్తే, ఆ రోజుతో నేనుండను బావా’ అన్నాడు. ఒట్టి మాటకి అనే రకం కాదు వాడు. అందుకే ఎర్రలైటన్నాను. నేను దాటానంటే ఇంక పెట్టె సంగతి ఎవరూ అడగరు కదా. మీరు ఎవరికీ చెప్పలేదు కదండీ? పోలీసులకి చెప్పలేదు కదా?”

పెట్టె సంగతి బయటపెట్టింది రత్నమాణిక్యమే. ఆ తాళం దాకా పల్లంరాజును నడిపించింది తాను. ఒక్క ఫోను చాలని పల్లంరాజు అన్నప్పుడు, అంత చురుకు పుట్టించినందుకు లోలోపల మురిసింది కూడా తానే.

సంచీలో ఫోను మోగింది. వీరదుర్గ.

“మాణిక్యంగారూ, మా ఇంటికి పోలీసులొచ్చారండి. సురేష్ ఏడీ అంటున్నారు. వాడు పెరట్లోంచి బండి తీసుకుని వెళ్ళిపోయాడు. పిలుస్తున్నా వెనక్కి చూడలేదండి. చెప్పులు లేవు, హెల్మెట్టు లేదు. కట్టుకున్న లుంగీతో పోయాడు. వాడితో వీళ్ళకేం పనండీ? కేసు అశోక్‌ది కదా?”

“ఏ రోడ్డున పోయాడమ్మా?”

“లాకుల వైపండి.”

అశోక్ ఆ మాట విన్నాడు. ఆమె చేతిని వదిలేసి మంచం పట్టీ పట్టుకుని లేవడానికి పెనుగులాడుతున్నాడు. నర్సు కేకలేస్తూ పరుగెత్తుకొచ్చింది.

“మాణిక్యంగారూ, ఏంటండీ మాట్లాడరు? మీకేమన్నా తెలుసా?”

“మళ్ళీ చేస్తానమ్మా,” అంది రత్నమాణిక్యం. అవతలివాళ్ళు పెట్టేయకముందే తాను ఫోను పెట్టేయడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. వెంటనే పల్లంరాజుకు కలిపింది.

“ఆఁ, చెప్పండి! గెలిచానని చెప్పడానికా? తాళంచెవి మీ క్లయింటు కొడుకు దగ్గరే ఉందటగా. ముందే ఒక ముక్క చెప్పుంటే…”

“సెంటర్‌లో ఎవరున్నారు రాజుగారూ?”

“నేనే ఉన్నాను, సీలు దగ్గర. మావాడు వాళ్ళింటికెళ్ళాడు.”

“బళ్ళెవరు ఆపుతున్నారు?”

హారన్లు వినిపిస్తున్నాయి.

“ఆ కుర్రాడు మీవైపే వస్తున్నాడు. తలకి హెల్మెట్టు లేదు, బతకాలన్న ధ్యాసా లేదు. లైట్లన్నీ మనమే ఆర్పేశాం. టిప్పర్లు ఊపు మీదుంటాయి. ఆపండి రాజుగారూ, అన్నివైపులా ఆపేయండి!”

“ఒక్కణ్ణి, నాలుగు రోడ్లు…”

“జీపు అడ్డం పెట్టండి!”

తలుపు దబ్బున పడింది. ఇంజను మొరాయించి, మొరాయించి, అందుకుంది. ఫోను సీటు మీద పారేసినట్టున్నాడు. మాటలు దూరమైపోయాయి. టైరు కీచుమంది. చిట్టెమ్మ గొంతు కాబోలు, “అమ్మో, అమ్మో!” అంటోంది. ఆ వెనకే లోడుతో ఉన్న బండి గేరు మార్చుకుని గర్జిస్తూ దగ్గరికొస్తున్న చప్పుడు.

“ఆగు! ఒరేయ్, ఆగరా!” పల్లంరాజు గొంతు చిరిగిపోయేలా అరుస్తున్నాడు.

ఆ ఆగమన్నది టిప్పరువాణ్ణో, సురేష్‌నో రాజమండ్రి ఆసుపత్రిలో నిలబడ్డ రత్నమాణిక్యానికి తెలియలేదు. “ఎవర్నండీ? ఎవర్ని ఆపుతున్నాడు?” అని అశోక్ ఆమె చీర చెంగు పట్టుకుని లాగుతున్నాడు. ఫోనులో హారను ఒకటే మోగుతోంది. ఎవరో దాని మీద వాలిపోయినట్టు, ఆగకుండా మోగుతూనే ఉంది.